స్తంభానికి చెప్పుకున్న రోగాలు

మొన్న మోకాళ్ళ నొప్పి ఇక ఓర్చుకోలేక నెల్లూరులో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. దాని పేరు చెప్పను, ఇప్పుడు అన్నీ ఒకే అచ్చు కాబట్టి చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు. అద్దాల తలుపులు, ఎండాకాలంలో కూడా శాలువా కప్పుకోవలసినంత చలి, గోడల నిండా నవ్వుతున్న డాక్టర్ల ఫోటోలు. ఫోటోల్లో మాత్రం అందరూ మనవైపే చూస్తుంటారు, అదేం చిత్రమో. చాలాసేపు కూర్చోబెట్టి చివరికి లోపలికి పిలిచారు. మా మనవడి ఈడు కుర్రడాక్టరు ఒకడు కంప్యూటరు తెరలోకి చూస్తూ, ఏమిటమ్మా ప్రాబ్లం అన్నాడు. చెప్పాను. టకటకా కొట్టాడు. ఎన్నాళ్ళుగా అన్నాడు. చెప్పాను. మళ్ళీ కొట్టాడు. ఎక్స్‌రేకు రాశాడు, రక్తపరీక్షలకు రాశాడు, మందులకు రాశాడు, నెక్స్ట్ అన్నాడు. నొప్పి ఏ కాలికో అడగలేదు, చేత్తో తాకలేదు, నేను నల్లగా ఉన్నానో తెల్లగా ఉన్నానో వాడికి తెలియదు. నేనూ నీలాంటి డాక్టర్నే నాయనా, నువ్వు పుట్టకముందే పెన్షన్ పుచ్చుకున్నదాన్ని అని చెబుదామనుకున్నాను గానీ, అది కూడా ఆ పెట్టెలోకే కొట్టుకుంటాడని నోరు మూసుకుని లేచి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక చీవాట్లు పెట్టడానికి వాడు లేడు కనుక నా కూతురు దొరికింది. తనూ డాక్టరే. ఈ రోజుల్లో అంతేనమ్మా, వాళ్ళ ఒత్తిడి ఎంతో నీకు తెలియదు అని వాణ్ణి వెనకేసుకొచ్చింది. నాకు తెలియదా! మాటామాటా పెరిగి సాయంత్రం దాకా ఇద్దరం పలకరించుకోలేదు. కాఫీ వేళకు నేను ఫ్రిజ్ వైపు తిరిగి, ఈ ఇంట్లో ఎవరికైనా కావాలంటే డికాషన్ ఉంది అన్నాను. మా అమ్మాయి ఫక్కున నవ్వేసింది. మా ఇంట్లో అలకలు వస్తే ఇలా ఏదో ఒక వస్తువుతో మాట్లాడుకోవడం మొదటినుంచీ ఉన్న అలవాటు. అది ఎక్కడ అంటుకున్నదో మీకు చెప్పాలి. ఒక ఊరు ఊరంతా నా మీద కక్షగట్టిన కాలంలో అంటుకున్నది. నా కోపం ఈ వయసులో కూడా పూర్తిగా చల్లారలేదని ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తప్పుబట్టకండి.

యాభయ్యో దశకం చివర నేను చదువు ముగించుకుని సర్కారు ఉద్యోగంలో చేరాను. మాది మనుబోలు దగ్గర వ్యవసాయ కుటుంబం. వరిమడి తప్ప వేరే లోకం తెలియని మా నాన్న, ఆడపిల్లను అంత చదువు చదివించాడని బంధువులందరి చేతా మాటలు పడ్డాడు. నేను నెల్లూరులో ఫ్యాను కింద కూర్చుని వైద్యం చేస్తుంటే ఆ బంధువులంతా వచ్చి వరుసలో నిలబడాలని ఆయన ఆశ. మా ఆయన కావలిలో బడిపంతులు, నెమ్మదస్తుడు. నా నోటికి ఆయన నెమ్మదితనం సరిపోయిందని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ నోటివల్లనే పై అధికారి ఒకాయనతో పేచీ వచ్చింది, ఆయన నన్ను సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెం ఒకదానికి విసిరేశాడు. బస్సు దిగి, ఉప్పుకాలువలో పడవెక్కి, పడవ దిగి, చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో పడి నడిస్తే ఆ ఊరు. ఊరికి బయట ఇసుకదిబ్బ మీద ఆసుపత్రి. రెండు గదులు, పెంకుల కప్పు, ముందు వరండా, వరండాకు తాటిమొద్దుల స్తంభాలు. నా కింద పనిచేయడానికి పైమెట్ట ఊళ్ళనుంచి వచ్చిన ఆయా ఒకతె, అంతే. ఉప్పుగాలికి కత్తెరలు తుప్పు పట్టేవి, నా మనసు అంతకంటే త్వరగా తుప్పు పట్టింది.

మొదటి రోజే పెద్దకాపు వచ్చాడు. పెద్దకాపు అంటే ఆ పాళేనికి పెద్ద, ఆయన మాటే శాసనం. పొడుగాటి మనిషి, తెల్లటి మీసాలు, జీవితమంతా సముద్రం మీద ఎండను చూసి చూసి ఎర్రబడిన కళ్ళు, తెప్పనుంచి తెప్పకు కేకలు వేసి వేసి మామూలుగా మాట్లాడటం మరిచిపోయిన గొంతు. నన్ను దింపడానికి వచ్చిన మా ఆయనకు దణ్ణం పెట్టి, నా వంక చూడనైనా చూడకుండా అడిగాడు.

"అయ్యా, అసలు డాక్టరు ఎప్పుడొస్తాడు?"

మా ఆయన నవ్వుతూ నన్ను చూపించాడు. పెద్దకాపు నన్ను కిందినుంచి మీదికి ఒకసారి చూసి, "ఓహో, ఈ అమ్మణ్ణేనా" అని, ఇక మాట్లాడేదేమీ లేనట్టు తిరిగి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన మీద కూడా మండింది, ఆ నవ్వు ఎందుకు నవ్వాలి?

అలా మొదలైన మా వైరం దొరువు దగ్గర బాగా ముదిరింది. ఆ ఇసుకనేలలో మంచినీళ్ళకు గుంట తవ్వుకుంటారు, దాన్ని దొరువు అంటారు. ఊరి నీళ్ళన్నీ ఆ దొరువువే. ఒక ఏడాది ఉత్తరపు ఊళ్ళలో వాంతిభేది పుట్టింది. నేను ఊరివాళ్ళను కాచిన నీళ్ళు తాగమని చెప్పాను, వినలేదు. సూదులు వేయించుకోమన్నాను, ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని తాటితోపులోకి పరిగెత్తారు. సరే మీ పోయేకాలం అనుకుని, ఆయాను వెంటబెట్టుకుని వెళ్ళి దొరువులో బ్లీచింగ్ పొడి కలిపి వచ్చాను. ఆ మర్నాడే వాళ్ళు గంగమ్మకు కుండ పెట్టి మొక్కే రోజని, కొత్త వలల మీద ఆ దొరువు నీళ్ళే చల్లి సముద్రంలోకి దించుతారని నాకు ఎవరు చెప్పారు? చెప్పినా కలిపేదాన్నే, అది వేరే సంగతి. వాళ్ళు ఆ నీళ్ళే చల్లారు, వలలు దించారు, ఆ వారమంతా వలల్లో నాచు తప్ప ఏమీ పడలేదు. బ్లీచింగ్ కంపు వలలకు పట్టుకుందనీ, ఆ కంపుకు చేప దూరం వెళ్ళిపోయిందనీ తేల్చారు. ఉత్తరాన జనం పోయారు, దక్షిణాన పోయారు, ఈ ఊళ్ళో ఒక్క ప్రాణం పోలేదు. ఆ లెక్క మాత్రం ఎవరికీ పట్టలేదు. గంగమ్మ కాపాడిందట! గంగమ్మకు బ్లీచింగ్ పొడి ఎవరు తెచ్చిచ్చారు?

అప్పుడు నా మీద దురాయి వేశారు. దురాయి అంటే పెద్దకాపు ఊరందరినీ ఒడ్డున కూడేసి పెట్టే కట్టుబాటు. డాక్టరమ్మతో ఎవరూ మాట్లాడకూడదు, ఆమెకు మొహం చూపకూడదు, ఆసుపత్రి గడప తొక్కకూడదు, ఆమెను ఊళ్ళోకి రానివ్వకూడదు. మీరిన ఇంటివాళ్ళ తెప్ప మళ్ళీ సముద్రం మీదికి కదలకూడదు. చేపలు పట్టేవాడికి తెప్ప కదలకపోతే పొయ్యిలో నిప్పు ఉండదు కాబట్టి ఆ కట్టు దాటే మగవాడు లేడు. నేను దారిలో ఎదురైతే మనుషులు పక్కకు తిరిగి సముద్రం చూసేవాళ్ళు. నాకు చేప అమ్మడం మానేశారు. సముద్రం పక్కన కూర్చుని నేనూ ఆయా పప్పూ చింతపండు చారూ తిన్నాం. చిత్రమేమిటంటే దురాయి నాకొక్కదానికే. శనివారం సాయంత్రం కావలినుంచి వచ్చి మా ఆయన పడవ దిగితే ఆయనకు మర్యాదలే మర్యాదలు. నేను ఆయన పక్కనే నిలబడి ఉంటే, నేను గాలి అయినట్టు నాలోంచి చూస్తూ, "అయ్యా, వొంజరం పడింది, తీస్కపోండయ్యా" అని ఆయన చేతిలో పెట్టేవాళ్ళు. ఆయన ఆ చేప తెచ్చి వండమనేవాడు. నేను వండననేదాన్ని. పోనీ నేనే వండుతాలే అని ఆయనే వండి, కమ్మగా తిని, నాకూ పెట్టేవాడు. తిన్నాను, కాదనను. కోపంతో తిన్నాను.

ఇక రోగాల సంగతి. దురాయి వేసినంత మాత్రాన జ్వరాలు ఆగుతాయా, గడ్డలు లేవకుండా పోతాయా? మొట్టమొదట దారి కనిపెట్టింది పెద్దకాపు భార్యే. ఒక ఉదయం ఆమె ముక్కుతూ మూలుగుతూ వచ్చి, గడప తొక్కకుండా వరండాలోనే, గదివైపు వీపు పెట్టి, కొసన ఉన్న స్తంభానికి ఎదురుగా చతికిలబడింది. స్తంభాన్ని వాళ్ళు కంబం అంటారు.

"ఓ కంబమా, రొమ్ము కింద గడ్డ లేసి నిద్దర పట్టక చస్తా ఉండాను. ఏం జెయ్యాల్నో నువ్వే జెప్పు తల్లీ."

నాకు తిక్కరేగి దఢాలున తలుపు వేసుకున్నాను. ఆమె కదలలేదు. కాసేపటికి మూలుగు వినలేక తలుపు తీసి, ఇటు తిరిగితే కదా చూసేది అని అరిచాను. తిరగకూడదు గందా అని ఆమె స్తంభానికి వివరించింది. చివరికి నేనే వెళ్ళి ఆమెకూ స్తంభానికీ మధ్య దూరి కూర్చున్నాను. ఆమె టక్కున కళ్ళు మూసుకుంది. తను చూడకపోతే మొహం చూపించినట్టు కాదట! గడ్డ కోసి, చీము తీసి, కట్టు కట్టేదాకా కళ్ళు తెరవలేదు. వెళ్ళేటప్పుడు స్తంభాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్ళింది. నాకు కాదు, స్తంభానికి!

మర్నాటినుంచి అదే తంతు. గజ్జి, గురక, పంటిపోటు, కడుపులో నులిపురుగులు, మొగుడి తాగుడు, అన్నీ స్తంభానికే. నేనూ స్తంభానికే చెప్పేదాన్ని: ఓ స్తంభమా, ఈ పెద్దమనిషి స్నానం చేసి ఎన్నాళ్ళయిందో అడుగు, ఈ మందు పరగడుపున మింగమను, మొన్నటిలా మేకకు పెట్టవద్దని చెప్పు. నా నోరు ఎంత చెడ్డదో అంత చెడ్డగా తిట్టేదాన్ని, వాళ్ళు స్తంభాన్ని అంతే గట్టిగా దెప్పేవాళ్ళు. అందరి తలలూ ఆనుకుని ఆనుకుని ఆ తాటిమొద్దు నూనెకు నున్నగా నిగనిగలాడిపోయింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. మొహం చూపనివాళ్ళు కాబట్టేనేమో, వాళ్ళు సిగ్గుపడకుండా అన్నీ చెప్పేవాళ్ళు. ఎదురుగా కూర్చున్న డాక్టరుకు చెప్పలేని సంగతులు ఆ చెక్కకు చెప్పుకుని ఏడ్చిన ఆడవాళ్ళను నేను చూశాను. గొంతు వణికితే ఎక్కడ నొప్పో, మెడ వాలిస్తే ఎంత నొప్పో, వీపులు చూసి రోగం చెప్పడం నాకు అక్కడే పట్టుబడింది.

ఆ వీపుల్లో ఒకటి పెద్దకాపు కోడలిది. సన్నటి పిల్ల, అంతకుముందు రెండు కాన్పుల్లోనూ మంత్రసాని చేతుల్లో బిడ్డలు దక్కలేదు, రెండోసారి తనూ చచ్చి బతికింది. మూడోసారి నెలలు నిండుతుంటే అత్త వెంటబెట్టుకుని స్తంభం దగ్గరికి తెచ్చింది. చూశాను. ఈ కాన్పు ఈ ఊళ్ళో వద్దు, ముందుగానే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోండి, లేకపోతే తల్లీ దక్కదు బిడ్డా దక్కదు అని స్తంభానికి కాదు, అత్త చెవిలోనే అరిచి చెప్పాను. ఆ మాట ఇంటికి చేరింది, పెద్దకాపు వచ్చాడు. స్తంభం దగ్గర వీపు తిప్పి నిలబడి, "కంబమా, దురాయి ఊరికంతా పెట్టి నా కోడల్ని ఆసపత్రికి పంపితే ఊరు నా మొకాన ఉమ్మదా? మా ఇంట్లో బిడ్డల్ని ఇచ్చేదీ తీసకపోయేదీ గంగమ్మే" అన్నాడు. అప్పుడు నేనన్న మాటలు ఇక్కడ రాయలేను, మా మనవలు చదువుతారు. వాటిలో మర్యాదైనది మాత్రం రాస్తాను: ఓ స్తంభమా, ఈ ముసలాయన మీసానికి ఆ పిల్ల ప్రాణం సరితూగుతుందేమో ఆయన్నే తూచుకోమను. ఆయన తిరగకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నొప్పులు మొదలైన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఒక ఉదయం తెప్పలన్నీ సముద్రం మీదికి వెళ్ళాక, ఊళ్ళో ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ తప్ప ఎవరూ లేని వేళ, పెద్దకాపు ఇసుకదిబ్బ ఎక్కుతూ కనిపించాడు. ఆయన పరిగెత్తడం అప్పుడే చూశాను. వచ్చి స్తంభానికి నుదురు ఆనించాడు. నిన్నటినుంచి నొప్పులనీ, బిడ్డ తల కదలడం లేదనీ, మంత్రసాని చేతులెత్తేసిందనీ దానికే చెప్పాడు. నేను సంచీ అందుకుని ఊళ్ళోకి బయలుదేరాను. ఆయన రెండు చేతులూ చాపి దారికి అడ్డం నిలబడ్డాడు, వీపు నావైపే.

"ఊళ్లోకి రాకూడదు గందా కంబమా. దురాయి తియ్యాలంటే ఊరంతా కూడాల, మొగోళ్లంతా సముద్రం మీద ఉండారు. మేమే తెస్తాం."

తెచ్చారు. రెండు తెడ్లకు వల కట్టి, ఆ వలలో పిల్లను పడుకోబెట్టి ఆడవాళ్ళు మోసుకొచ్చారు. మనిషి మొహంలో నెత్తురు లేదు, పెదవులు ఎండిపోయాయి. లోపల బల్ల ఉంది, మందులున్నాయి, లోపలికి తెమ్మన్నాను. గడప దగ్గర ఆగిపోయారు.  గడప అవతల బల్ల, గడప ఇవతల చచ్చిపోతున్న పిల్ల, మధ్య బెత్తెడు కట్టె. తగలబెట్టు నీ దురాయిని, దీని శవాన్ని కూడా స్తంభానికే అప్పజెబుతావా అని ఆయన వీపు మీద అరిచాను. ఆ వీపు గజగజలాడింది గానీ పక్కకు తప్పుకోలేదు.

వాదించే సమయం లేదు. వాళ్ళు గడప దాటకపోతే నేను దాటాను. ఆయా ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని బల్లను వరండాలోకి ఈడ్చాం, మందుల పెట్టె ఈడ్చాం, మరుగుతున్న నీళ్ళ గిన్నె తెచ్చాం. ఆసుపత్రినే గడప అవతలికి తీసుకొచ్చి పడేశాను. ఎవరో పరిగెత్తి తెరచాప తెచ్చారు. ఆడవాళ్ళంతా బల్ల చుట్టూ వలయంగా నిలబడి, ఆ అతుకుల చాపను తలల మీదుగా ఎత్తి పట్టుకున్నారు, అందరి వీపులూ నావైపు. ఒక్కరు తిరగలేదు. బల్ల మీద పిల్ల రెండు చేతులూ వెనక్కి చాచి స్తంభాన్ని వాటేసుకుంది. అవతలి పక్క అదే స్తంభానికి ముసలాయన నుదురు.

బిడ్డ తల అడ్డం తిరిగి ఇరుక్కుంది. చేత్తో సరిచేయాలి, ఫోర్సెప్స్ పట్టకారు వేసి లాగాలి. పెద్ద ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ల పక్కన నిలబడి చేసినదాన్ని ఇసుకగాలిలో, చాప నీడలో, ఒంటరిగా చేయాలి. భయమేసింది. భయం వేసినప్పుడు తిట్టడం నా స్వభావం కాబట్టి ఆ ఊరిని, గంగమ్మను, నన్ను అక్కడికి పంపిన అధికారిని, అందరినీ కలిపి తిట్టుకుంటూ చేశాను. ఆ పిల్ల ఒక్కసారి కళ్ళు తెరిచింది. స్తంభాన్ని కాదు, నన్నే చూసింది. సూటిగా నా కళ్ళలోకి చూసి, "అమ్మా, ఈ బిడ్డన్నా నాకు దక్కేట్టు జెయ్యి" అంది. ఆ ఊళ్ళో ఒక మనిషి నా మొహం చూసి నాతో మాట్లాడి చాలాకాలమైంది. నా నోట తిట్టు ఆగిపోయింది.

బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. నీలంగా, వేలాడిపోతూ వచ్చింది. నోట్లో గళ్ళ పీల్చి పారేశాను, వీపు రుద్దాను, నోట్లో ఊపిరి ఊదాను. చాప పట్టుకున్న ఆడవాళ్ళకు ఏమీ కనిపించదు, వినడమే.  తర్వాత ఆ చిన్నది పిల్లికూనలా ఒక్క మూలుగు మూలిగింది, ఆ వెంటనే గుక్కపట్టి ఏడ్చింది. చుట్టూ ఉన్న వీపులన్నీ ఒక్కసారి ఎగిసిపడటం చూశాను, అందరూ ఏడుస్తున్నారు, ఏడుస్తూ కూడా తిరగలేదు. తల్లికి నెత్తురు ఆగడానికి సూది వేసి, కుట్లు వేసి, నేను వరండా మెట్టు మీద కూలబడ్డాను.

ఇక దురాయి పోయిందనే అనుకున్నాను. మర్నాడు ఉదయం తెప్పలు దించకుండా ఊరంతా ఒడ్డున కూడారు. పెద్దకాపు తనే నేరస్థుడిలా నడుమ నిలబడి, నా ఇల్లు దురాయి మీరిందేమో మీరే తేల్చండి అన్నాడట. ఎవరైనా గడప తొక్కారా? లేదు. మాట్లాడారా? కంబంతోనే. మొహం చూపించారా? అందరి వీపులూ అటే, ఎవరికీ ఏమీ కనిపించలేదు. దురాయి చెక్కుచెదరలేదని తేల్చి తెప్పలు దించుకున్నారు. ఆ పిల్ల నన్ను చూసి మాట్లాడిన సంగతి ఆ పిల్లకూ నాకూ తెలుసు. స్తంభానికి నుదురు ఆనించినవాడికి కూడా వినిపించే ఉంటుంది. ముగ్గురం నోరు మెదపలేదు.

అంటే ఏమిటన్నమాట? నేను రెండు ప్రాణాలు నిలబెట్టాను, నాతో మాట్లాడేవాడు ఇప్పటికీ లేడు! పైగా మర్యాదలన్నీ ఎవరికి జరిగాయనుకుంటున్నారు? స్తంభానికి. పసుపు పూశారు, బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. బిడ్డకు కంబమ్మ అని పేరు పెట్టారు. మొక్కుబడి కింద రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు స్తంభం మొదట్లో తాజా చేపలు పెట్టి వెళ్ళేవాళ్ళు. తాటిమొద్దు చేపలు తింటుందా? ఆయా బుట్ట తెచ్చి ఎత్తుకుపోయేది. నేను ఉడుక్కుంటూ పులుసు పెట్టుకునేదాన్ని. ఆ శనివారం మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆయన తిరిగి పడవెక్కేదాకా ఆయనతో మాట్లాడకుండా మంచంకోడుతో మాట్లాడాను, మా ఇంట్లో ఆ అలవాటు అప్పుడు మొదలైందే.

ఒకసారి పెద్దకాపు దగ్గుమందుకు వచ్చినప్పుడు ఉండబట్టలేక కడిగేశాను. ఓ స్తంభమా, ఈయనకు సిగ్గంటూ ఉంటే దురాయి ఎత్తేయడానికి ఏం రోగమో అడుగు అన్నాను.  ఆయన మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఊరంతా చేసిన కట్టు నా ఇంటి బిడ్డ కోసరం నేను విప్పితే, రేపు ఇంగొకడు ఇంగో దానికి విప్పతాడు కంబమా. సముద్రం మీద ఒకడు తాడు పట్టుకుంటాననే మాట మీదనే ఇంగొకడు నీళ్లలోకి దిగేది. మాట వొదిలితే మనిషి మునుగుతాడు. ఆయమ్మను కోపం చేసుకోబాకమను."

నాకు కోపం తగ్గలేదు. తగ్గకపోయినా దగ్గుమందు సీసా తెచ్చి స్తంభం మొదట్లో పెట్టాను.

అరవయ్యో దశకం నడిమిలో బదిలీ కాగితం వచ్చింది. పీడ వదిలిందనుకున్నాను. ఆ తర్వాత కావలి, గూడూరు, నెల్లూరు, ఎన్ని ఊళ్ళో. అన్నిచోట్లా రోగులు నా మొహం చూసే మాట్లాడారు, దణ్ణాలు పెట్టారు, పళ్ళు తెచ్చారు, వాళ్ళ మొహాలు ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. మా ఆయన పోయి ఏళ్ళయింది. ఆయన పడకకుర్చీ ఇంకా అలాగే ఉంది. కూతురు ఇంట్లో లేనప్పుడు దానితో ఒకటి రెండు మాటలు అంటుంటాను, ముఖ్యంగా ఆయన ఆనాడు నవ్విన నవ్వు గురించి. శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే టీవీలో చూస్తూ, ఆ ఒడ్డునే ఇంకా పైన ఒక ఇసుకదిబ్బ ఉండాలి కదా అనుకుంటాను. ఒక తుఫానులో ఆసుపత్రి కప్పు ఎగిరిపోయిందనీ, ఇప్పుడక్కడ రొయ్యల చెరువులనీ ఎవరో చెప్పారు. స్తంభం ఏమైందో వాళ్ళకు తెలియదు.

బయలుదేరిన రోజు మాత్రం చెప్పి ముగిస్తాను. పెట్టెలు ముందే పంపి, నేనూ ఆయా ఉప్పుకాలువ రేవుకు నడిచాం. అక్కడ ఊరు ఊరంతా ఉంది. ఆ వేళ తెప్పలు దించలేదట. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ గట్టు మీద బారుగా నిలబడ్డారు, అందరి వీపులూ నావైపు. అన్ని వీపులూ నాకు తెలుసు. అది ఉబ్బసమున్నది, అది నడుంనొప్పిది, అది నేను కట్టు కట్టినది. పొయ్యే రోజైనా తిరగరా, రాళ్ళు అనుకుంటూ పడవెక్కాను. పెద్దకాపు అందరికంటే ముందు, నీళ్ళ అంచున నిలబడి ఉన్నాడు. పడవ కదులుతుంటే ఆ గొంతుతో కేక పెట్టాడు.

"పడవా, జాగర్తగా దించు. ఇట్టాంటి నోరున్న దాన్ని మల్లా మా మీదికి తేబాక!"

నేనూ ఊరుకోలేదు, తెమ్మన్నా రానని చెప్పు పడవా అని అరిచాను. అప్పుడు చూశాను. ఆయన భుజం మీద మనవరాలిని ఎత్తుకుని ఉన్నాడు. ఆయన నాకు వీపు తిప్పి నిలబడ్డాడు కాబట్టి, భుజం మీదుగా తొంగిచూస్తున్న ఆ పిల్ల మొహం నేరుగా నావైపు ఉంది. బొద్దుగా, కాటుకతో, కళ్ళు చక్రాల్లా తెరిచి నన్నే చూస్తోంది. పిల్ల మెడ తిప్పబోతే, ఆయన చెయ్యి వెనక్కి వచ్చి, దాని తలను మెల్లగా మళ్ళీ నావైపు తిప్పింది. పడవ మలుపు తిరిగేదాకా ఆయన అలాగే నిలబడ్డాడు. కాలువ నీళ్ళ ఉప్పో ఏమో, నాకు కళ్ళు కనిపించలేదు.

నా మోకాలి ఎక్స్‌రే నిన్న వచ్చింది. మళ్ళీ వెళ్ళి చూపించమని కూతురు పోరుతోంది. వెళతాను. ఆ కుర్రవాడు చెడ్డవాడని నేను అనను, వాడి తెర వాడిది. కానీ ఒకప్పుడు ఒక ఊరు కట్టుబాటు వేసుకుని, పట్టుబట్టి, నా మొహం చూడనని మొహం తిప్పుకుంది. నేను వెనకనే ఉన్నానని ఆ వీపులన్నిటికీ తెలుసు. ఇప్పుడు ఎవరూ ఏ దురాయీ వేయలేదు, ఎదురుగానే కూర్చోబెడతారు, అయినా నేను ఉన్నట్టు ఎవరికీ తెలియడం లేదు. ఆ గదిలో స్తంభం కూడా లేదు.